సీబీడీ నూనె కొనబోయే ముందు

నాలుగైదేళ్ళుగా మన సభ్యుల ఇళ్ళల్లో మందుల అరలో ఒక కొత్త సీసా కనబడుతోంది. ముదురు గోధుమరంగు చిన్న గాజుసీసా, మూతకే తగిలించిన డ్రాపరు. ఒకరు మోకాళ్ళ నొప్పులకంటారు, ఒకరు నిద్రకంటారు, మరొకరు మనసు నెమ్మదిగా ఉండడానికంటారు. పేరు సీబీడీ నూనె. ఆయుర్వేద కంపెనీలు తయారు చేసినదైతే సీసా మీద ‘విజయ’ అన్న మాట కూడా ఉంటుంది. ధర మాత్రం వందల్లో మొదలై వేలల్లో తేలుతుంది.

బ్యాంకువాడికి మందునూనెతో పనేమిటని మీరడగవచ్చు. నేను కామర్సు చదివినవాణ్ణి, వైద్యుణ్ణి కాను. ఏ రోగానికి ఏ మందో చెప్పే సాహసం చెయ్యను. అయితే కాగితాలు చూసి సరుకు ఉందో లేదో తేల్చడం నా వృత్తి. ఈ నూనె మంచిచెడ్డలు తెలిసేది కాగితాల్లోనే. గానుగ నువ్వులనూనె అయితే మన అమ్మలు అరచేతిలో రెండు చుక్కలు వేసి, రుద్ది, వాసన చూసి చెప్పేవారు. సీబీడీకి ఆ పరీక్ష పనికిరాదు. మంచి సీసాకీ ఉత్త సీసాకీ రంగు ఒకటే, వాసన దాదాపు ఒకటే.

మా బరంపురంలో ఈ మాట ఎత్తగానే ముందు వచ్చే అనుమానం, ‘గంజాయి కాదు గదా?’ అని. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో గంజాయి మూటలు పట్టుబడ్డ వార్తలు చదివి చదివి ఉన్నవాళ్ళం, ఆ భయంలో తప్పు లేదు. మొక్క అదే. అయితే అందులో మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ. సీబీడీ వేరు, అది ఆ మత్తు ఇవ్వదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూత కంకుల్ని గంజాయి అంది, బంకని చరస్ అంది. కంకులు కలవని ఆకునీ గింజనీ గంజాయి నిర్వచనంలోంచి తప్పించింది. మన దేశపు కంపెనీలు ఈ సందులోంచే ఆకు సారం తీసి, ఆయుర్వేద ఔషధ లైసెన్సు కింద అమ్ముతున్నాయి. అయినా అది పచారీ సరుకు కాదు. ఔషధ నియమాల్లోని ఈ-1 షెడ్యూలులో విజయ ఉంది. అంటే వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలసినదని లెక్క. ఆ హెచ్చరిక ఇంగ్లీషులోనూ హిందీలోనూ సీసా మీద ఉండాలి. అది లేని సీసాని నేనైతే అక్కడే వదిలేస్తాను. వైద్యుని చీటీ అడగకుండా అమ్మే దుకాణాన్ని కూడా.

ఇక మోసం ఎక్కడ జరుగుతుందో చూద్దాం. అన్నిటికన్నా మామూలుది గింజల నూనెని సీబీడీ నూనె ధరకి అంటగట్టడం. గంజాయి జాతి మొక్క గింజల నుంచి తీసిన నూనె మంచి ఆహారమే, దానిమీద నాకేమీ కోపం లేదు. 2021 నవంబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ దానికి అనుమతి కూడా ఇచ్చింది. అలాంటి ఆహార పదార్థాల్లో సీబీడీ కిలోకి 75 మిల్లీగ్రాములు మించరాదని హద్దు పెట్టింది. ఒక్కసారి లెక్క కట్టండి. 30 మిల్లీలీటర్ల సీసాలో పట్టే నూనె బరువు సుమారు 28 గ్రాములు. ఆ లెక్కన సీసా మొత్తంలో ఉండగల సీబీడీ రెండు మిల్లీగ్రాముల చిల్లర. నిజమైన సీబీడీ నూనెలో, 1500 మిల్లీగ్రాముల సీసాలో, ఒక్క చుక్కలోనే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. అందుచేత సీసా వెనక్కి తిప్పి ఏ లైసెన్సు ఉందో చూడండి. 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఒక్కటే ఉంటే అది వంటింటి సరుకు. ఆయుర్వేద తయారీ లైసెన్సు నంబరు ఉంటే మందు. ముందువైపు ఆకుబొమ్మ ఎంత అందంగా ఉన్నా లెక్కలోకి రాదు.

రెండోది అంకెల గారడీ. ‘విజయ సారం 3000 మిల్లీగ్రాములు’ అని పెద్ద అక్షరాలతో రాస్తారు. సారం అంటే సీబీడీ కాదు. ఆ సారంలో సీబీడీ సగం ఉండొచ్చు, పదో వంతే ఉండొచ్చు. కంపెనీల అధీకృత మూలధనానికీ చెల్లించిన మూలధనానికీ ఉన్నంత తేడా ఇది. కాగితం మీద కోట్లు కనబడతాయి, పెట్టెలో ఎంతుందన్నదే ప్రశ్న. కనక సీబీడీ ఎంత, టీహెచ్‌సీ ఎంత అని విడివిడిగా రాసి ఉన్న సీసానే చూడాలి. తర్వాత ఆ సీబీడీ మిల్లీగ్రాముల్ని మిల్లీలీటర్లతో భాగించండి. 30 మిల్లీలీటర్లలో 1500 అంటే మిల్లీలీటరుకి 50. దీన్నే కొందరు 5 శాతం అని రాస్తారు. మిల్లీలీటరుకి సుమారు 20 చుక్కలు కనక చుక్కకి రెండున్నర. చివరికి సీసా ధరని మొత్తం సీబీడీ మిల్లీగ్రాములతో భాగిస్తే మిల్లీగ్రాము ఎంత పడిందో తెలుస్తుంది. చవక సీసా అనుకున్నది చాలాసార్లు ఇక్కడే ఖరీదైనదిగా బయటపడుతుంది.

మరి సీసా మీద అంకెని నమ్మడమెలా? ఈ అనుమానం నాది ఒక్కడిదే కాదు. 2017లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం అమెరికాలో పరిశోధకులు ఇంటర్నెట్‌లో అమ్మే 84 సీబీడీ సరుకులు కొని పరీక్ష చేయించారు. వాటిలో లేబులు సరిగ్గా ఉన్నవి 31 శాతమే. 26 శాతంలో చెప్పినదానికన్నా తక్కువుంది, 43 శాతంలో ఎక్కువుంది. 84లో 18 సరుకుల్లో టీహెచ్‌సీ కూడా దొరికింది. తక్కువుంటే డబ్బే నష్టం. ఎక్కువున్నా, టీహెచ్‌సీ కలిసినా నష్టం మనిషికి.

అందుకే ల్యాబు పరీక్ష రిపోర్టు. అడిగితే కంపెనీ ఇవ్వాలి. కొన్ని సీసాల మీద ఫోనుతో చూసే నలుపు తెలుపు గళ్ళ ముద్ర ఉంటుంది, దాని ద్వారా రిపోర్టు తెరుచుకుంటుంది. రిపోర్టు ఉందనగానే తృప్తి పడకూడదు. దాన్ని ఆడిటు రిపోర్టులా చదవాలి. మొదట, పరీక్ష చేసిందెవరు? తయారీదారు సొంత ల్యాబు అయితే తన ఖాతా తనే ఆడిటు చేసుకున్నట్టు. బయటి ల్యాబు కావాలి, మన దేశంలోనైతే ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు ఉండాలి. రిపోర్టు మీది బ్యాచి నంబరు, సీసా మీది బ్యాచి నంబరు అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. మూడేళ్ళ కిందటి ఒకే రిపోర్టుని ప్రతి సీసాకీ చూపించే దుకాణాలున్నాయి. సీబీడీ, టీహెచ్‌సీ అంకెలతో బాటు సీసం, కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్ పరీక్ష కూడా ఉండాలి. ఈ మొక్కకి నేలలోని లోహాల్ని పీల్చుకునే గుణం ఎక్కువ. నేల చెడ్డదైతే ఆ విషం సారంలోకి చేరుతుంది. పురుగుమందులు, సారం తీయడానికి వాడిన ద్రావకాల అవశేషాలు, సూక్ష్మజీవుల పరీక్ష కూడా ఉంటే ఆ కంపెనీ పని శ్రద్ధగా చేస్తోందని అర్థం. సారం తీసే పద్ధతులు, కార్బన్ డయాక్సైడా ఆల్కహాలా అన్న వాదన, మనకి అంత ముఖ్యం కాదు. అవశేషాల పరీక్షలో అది ఎలాగూ తేలిపోతుంది.

రకాలు మూడు చెబుతారు. సీబీడీ ఒక్కటే శుద్ధిచేసి నూనెలో కలిపింది ఒకటి. మొక్కలోని ఇతర పదార్థాలు ఉంచి టీహెచ్‌సీని మాత్రం తీసేసింది రెండోది. అన్నీ ఉన్నది, కొద్దిగా టీహెచ్‌సీతో సహా, మూడోది. మూడోదానికే గుణం ఎక్కువని ప్రచారం జోరుగా ఉంది. ఉద్యోగంలో మూత్ర పరీక్షలుండే వారికి, డ్రైవింగు చేసేవారికి ఆ మూడోది వద్దనే నా సలహా.

ఇంత తనిఖీ చేశాక కూడా మంచి సీసా మన మనిషికి మంచిది కాకపోవచ్చు. మా వదినగారికి గుండె కవాటం మార్చారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకుంటారు. మోకాళ్ళు ఆవిడని చాలా బాధపెడుతున్నాయి, మెట్లు దిగి గుడికి వెళ్ళడం మానేశారు. కొడుకు అమెరికా నుంచి వస్తూ తెచ్చిన సీసా ఆవిడ చేతిలో ఉంది. “నువ్వు అప్పులిచ్చేవాళ్ళ కాగితాలు చూస్తావు గానీ నా చుక్కల మందు కూడా తనిఖీ చేస్తావుటయ్యా?” అన్నారు నవ్వుతూ. చూశాను. రిపోర్టు చక్కగా ఉంది, బ్యాచి నంబరు సరిపోయింది. “సీసాకి వంక లేదు వదినా, మీరు వేసుకునే మాత్రతో దీనికి పొత్తు కుదురుతుందో లేదో డాక్టరుగారినే అడుగుదాం” అన్నాను. కాలేయంలో చాలా మందుల్ని విరిచే ఎంజైముల పనికి సీబీడీ అడ్డు తగులుతుంది. వార్ఫరిన్ అలాంటి మందుల్లో ఒకటి. అది విరగకుండా రక్తంలో పేరుకుంటే రక్తస్రావం ప్రమాదం. గుండె డాక్టరు సీసా చూడకుండానే వద్దన్నారు. మా అన్నగారబ్బాయి ముఖం చిన్నబుచ్చుకున్నాడు, పాపం ప్రేమతో తెచ్చాడు. ఫిట్సుకి వాడే క్లోబజామ్, వాల్ప్రొయేట్ మాత్రలవారు, కాలేయం జబ్బున్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా డాక్టరుని అడగకుండా దీని జోలికి పోకూడదు.

విదేశం నుంచి తెచ్చే సీసా విషయంలో ఇంకొక మాట. అమెరికాలో 2018 చట్టం ఎండు బరువులో 0.3 శాతం లోపు టీహెచ్‌సీ ఉన్న పంటని మామూలు పంటగా లెక్కగట్టింది. ఆ లెక్క మన కస్టమ్స్ వారికి పట్టదు. సారం పూత కంకుల్లోంచి తీసినదైతే మన చట్టంలో అది గంజాయి కిందికే వస్తుంది. అలాగే ఇక్కడ డాక్టరు చీటీతో కొన్న సీసాని గల్ఫ్ దేశాలకో సింగపూరుకో వెళ్ళే పిల్లల పెట్టెలో పెట్టకండి. అక్కడి చట్టాలు చాలా కఠినం.

దీనితో ఫలితముంటుందా అని చాలామంది అడుగుతారు. పిల్లల్లో వచ్చే రెండు తీవ్రమైన మూర్ఛవ్యాధులకి శుద్ధ సీబీడీ మందుని అమెరికా ఔషధ సంస్థ 2018లో ఆమోదించింది. అది గట్టి రుజువున్న సంగతి. మోకాళ్ళ అరుగుదల మీద వియన్నా వైద్య విశ్వవిద్యాలయం వారి పరీక్ష 2023లో అచ్చయింది. 86 మంది రోగులు, ఎనిమిది వారాలు. అందరికీ పారాసిటమాల్ ఇస్తూనే, కొందరికి అదనంగా రోజుకి 600 మిల్లీగ్రాముల సీబీడీ ఇచ్చారు. ఉత్తుత్తి మందు వేసుకున్నవారి కన్నా వీరికి నొప్పి ఎక్కువేమీ తగ్గలేదు. పైగా కాలేయానికి సంబంధించిన ఒక సూచిక రక్తంలో పెరిగింది. మన 1500 మిల్లీగ్రాముల సీసా ఆ మోతాదులో రెండున్నర రోజులకి సరిపోతుంది. పూటకి అయిదు చుక్కలు వేసుకునేవారికి రోజుకి అందేది 25 మిల్లీగ్రాములు. ఈ అంకెలు నేను మా వదినగారికి కాగితం మీద వేసి చూపించాను. “అయితే ఆ డబ్బు పెట్టి ఫిజియోథెరపీకి వెళితే పోలేదా” అన్నారావిడ.

డాక్టరు సరేనని రాసిచ్చి, మీరు తీసుకోవాలనుకుంటే తక్కువ చుక్కలతో మొదలుపెట్టి, వేళ మార్చకుండా, ప్రతిరోజూ ఒకే విధంగా తీసుకోండి. కొవ్వున్న భోజనంతో తీసుకుంటే రక్తంలోకి ఎక్కేది కొన్ని రెట్లు పెరుగుతుంది. ఒకరోజు ఉపవాసంతో, ఒకరోజు నేతి పెసరట్టుతో అయితే మోతాదు మీ అదుపులో ఉండదు. మగత, విరేచనాలు, ఆకలి మందగించడం కనబడితే ఆపి డాక్టరుకి చెప్పండి. సీసాని ఎండ, వేడి తగలని చోట, పొయ్యికి దూరంగా ఉంచండి. మూత తీసిన తేదీని చిన్న కాగితం మీద రాసి సీసాకి అతికించండి. మనవలు దగ్గు మందనుకుని తాగకుండా పై అరలో పెట్టి తాళం వెయ్యండి.