ఎట్టాగూ పోయే బండేగా!

మొన్నీమధ్య ఒకరోజు పొద్దున్నే అమెరికా నుంచి మా ఆడపడుచు కూతురు ఫోన్ చేసింది.

"అత్తయ్యా, మేం కుక్కని తెచ్చుకున్నాం. జార్జియా నుంచి విమానంలో వచ్చింది!"

వాళ్ళుండేది పెన్సిల్వేనియాలో. జార్జియా ఎక్కడో కింద, దక్షిణాన. మధ్యలో వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఆ విమానం మనం ఎక్కే పెద్ద విమానం కాదట. నలుగురు పట్టే బుల్లి విమానం. దాని సొంతదారే నడుపుకుంటూ వచ్చి, కుక్కని వీళ్ళ చేతికిచ్చి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడట. పైసా తీసుకోలేదట.

ఈ సంగతి చెప్పగానే మా అత్తగారు చేటలో బియ్యం పక్కన పెట్టి బుగ్గలు నొక్కుకున్నారు. "తిరపతికి రైల్లో బెర్తు దొరక్క మేం రాత్రంతా కూర్చుని పోయొచ్చాం. కుక్కకి విమానమా! కలికాలం గాకపోతే!"

ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వేదాన్నే. కానీ అదే సమయానికి మా పెరటి గుమ్మంలోకి మూడు కాళ్ళ మీద గెంతుకుంటూ ఎర్రది వచ్చి నిలబడింది. నవ్వు రాలేదు. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ బుల్లి విమానాల సంగతి వినండి.

ఒక కుక్కతో మొదలైంది

2008లో సౌత్ కరోలినా రాష్ట్రంలో డెబీ బోయిస్ అనే ఆవిడ ఫ్లోరిడాలో ఉన్న ఒక డాబర్‌మన్ కుక్కని పెంచుకోవాలనుకున్నారు. ఆవిడ నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ కుక్క మనుషుల చేతిలో బాగా హింసపడింది. దాన్ని తన దాకా తెచ్చుకోవడం ఎలాగో తెలియక, దారిలో ఎవరైనా సాయం చేస్తారా అని తెలిసినవాళ్ళని అడిగారు. జాన్ వేరెన్‌బర్గ్ అనే పైలట్ నేను తెచ్చిపెడతానన్నారు. అన్నట్టే తన విమానంలో వెళ్ళి తెచ్చారు.

ఇలాంటి అవసరం చాలామందికి ఉందని అప్పుడు ఆయనకు తెలిసింది. సొంత విమానాలున్న తనలాంటివాళ్ళు ఎగరడానికి ఏదో ఒక సాకు వెతుక్కుంటూ ఉంటారని ఆయనకు ముందే తెలుసు. ఈ రెండూ కలిపితే పుట్టిందే 'పైలట్స్ ఎన్ పాస్'. పాస్ అంటే జంతువుల పంజాలు. ఈ సంస్థకి విమానాలు లేవు. అది చేసేదల్లా జంతువును పంపాల్సినవాళ్ళనీ, విమానం ఉన్నవాళ్ళనీ కలపడమే. మన పెళ్ళిళ్ళ పేరయ్యలాగా అన్నమాట! ఇప్పటికి వేలమంది పైలట్లు అందులో చేరారు.

ఇంతకీ కుక్కల్ని అంత దూరం తరలించడం ఎందుకు? అక్కడ దిక్కులేని కుక్కలు, పిల్లులు చేరే షెల్టర్లు ఉంటాయి. దక్షిణాది రాష్ట్రాల్లో కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించడం తక్కువ. షెల్టర్లు నిండిపోతాయి. చోటు లేకపోతే ప్రాణం తీసే ఇంజెక్షనే గతి. ఉత్తరాదిలో ఆపరేషన్లు ఎక్కువ కాబట్టి పెంచుకోవడానికి కుక్కపిల్ల కావాలన్నా దొరకడం కష్టం. ఒకచోట చావు, ఇంకోచోట ఎదురుచూపు! మధ్యలో ఉన్నది దూరం ఒక్కటే.

అక్కడి ఏఎస్‌పీసీఏ సంస్థ అంచనా ప్రకారం 2011లో ఇలా షెల్టర్లలో చనిపోయిన కుక్కలు, పిల్లులు సుమారు 26 లక్షలు. 2019 నాటికి అది 9 లక్షల 20 వేలకు దిగింది. ఇదంతా విమానాల పుణ్యమేనని కాదు. ఆపరేషన్లు చేయించినవాళ్ళు, దత్తత తీసుకున్నవాళ్ళు, వ్యాన్లలో, కార్లలో చేరవేసినవాళ్ళు అందరిదీ ఆ పుణ్యం.

ఎగరడానికో సాకు

ఈ పైలట్లు ఉద్యోగరీత్యా విమానం నడిపేవాళ్ళు కానక్కర్లేదు. మనవాళ్ళు కారు కొనుక్కున్నట్టు విమానం కొనుక్కున్నవాళ్ళు, అద్దెకు తీసుకునేవాళ్ళు ఎక్కువ. ప్రైవేటు పైలట్ లైసెన్సు ఉన్నవాళ్ళు కిరాయికి విమానం నడపకూడదని అక్కడి చట్టం. అందుకే పెట్రోలు ఖర్చు వాళ్ళదే. అది దానం కింద లెక్కకొచ్చి పన్నులో కొంత కలిసొస్తుంది, అంతే.

విమానం మూల పడేస్తే చెయ్యి తప్పుతుంది. పక్కన ఎవరినైనా ఎక్కించుకోవాలంటే అంతకుముందు 90 రోజుల్లో కనీసం మూడుసార్లు ఎగిరి, దిగి ఉండాలని రూలు. అందుకని ఆదివారం పూట ఊరికే ఎగిరి, ఇంకో ఊళ్ళో దిగి, ఒక హాంబర్గర్ తిని వచ్చేవాళ్ళున్నారు. ఖర్చంతా లెక్కేస్తే ఆ రొట్టెముక్క వంద డాలర్లు పడుతుందని వాళ్ళే జోకులేసుకుంటారు! ఆ ఎగిరేదేదో ఒక కుక్కను వెంటబెట్టుకుని ఎగిరితే? ఎలాగూ అయ్యే ఖర్చే, ఎలాగూ పోయే బండే.

దూరం ఎక్కువైతే ఒకరు కొంత దూరం తెచ్చి ఇంకొకరికి అప్పగిస్తారు. కుక్కకి టీకాలు, ఆరోగ్య సర్టిఫికెట్టు ఉండాలి. బోనులోనో, బెల్టు కట్టో కూర్చోబెడతారు. భయపడి గోల చేస్తాయేమో అనుకుంటాం కదా. ఇంజను మోతకి చాలావరకు నిద్రపోతాయట... ఉయ్యాల్లో పసిపిల్లల్లాగా.

ఇదేమీ ఆటవిడుపు కాదు. 2024 నవంబరులో ఇలాగే మూడు కుక్కల్ని తీసుకెళ్తున్న ఒక పైలట్ విమానం న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండల్లో కూలిపోయింది. ఆయనా, ఒక కుక్కా చనిపోయారు. రెండు కుక్కలు మంచులో ప్రాణాలతో దొరికాయి. ఎవరూ ఆయన్ని వెళ్ళమని బలవంతపెట్టలేదు.

ఇది విన్నాక మా అత్తగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అదంతా బానే ఉందిగానీ, మనుషులకే దిక్కులేదు గదే, కుక్కలకి ఇంత అవసరమా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. ఆస్పత్రికి దూరంగా ఉన్న రోగుల్ని ఇలాంటి బుల్లి విమానాల్లోనే ఉచితంగా చేరవేసే ఏంజెల్ ఫ్లయిట్ సంస్థలు అక్కడ ఎన్నో ఏళ్ళుగా ఉన్నాయి. కుక్కను తీసుకొచ్చే బుల్లి విమానమే ఇంకో రోజు రోగినీ తీసుకెళ్ళగలదు. దయ అనేది డబ్బాలో బియ్యం లాంటిది కాదు, ఒకరికి పెడితే ఇంకొకరికి తరిగిపోవడానికి.

మా ఎర్రది

ఇక నా సంగతి. మాది గుంటూరుకి నలభై కిలోమీటర్ల దూరాన ఉన్న చిన్న ఊరు. మిరపకాయల రోజులు. రాత్రీ పగలూ టిక్కీల లోడుతో లారీలు గుంటూరు యార్డుకి పోతూనే ఉంటాయి. ఒక తెల్లవారుజామున మా వీధి మొగదల ఏదో బండి గుద్ది వెళ్ళిపోయింది. ఎర్రది రోడ్డు పక్కన పడి ఉంది. ఎవరి కుక్కా కాదు. వీధి పిల్లలు పెట్టిన పేరే ఎర్రది. నేను రోజూ రాత్రి మిగిలిన అన్నం పెట్టేదాన్ని.

వెనక కాలు నుజ్జయింది. దగ్గర్లో చూపిస్తే, ఎక్స్‌రే తియ్యాలి, ఆపరేషన్ కావాలి, గుంటూరు తీసుకెళ్ళండన్నారు. ఎట్లా తీసుకెళ్ళాలి? మావారి స్కూటరు మీద కుదరదు. బస్సులో కాదన్నారు. ఒక ఆటో అతను సీటు పాడవుతుందన్నాడు. ఇంకో అతను అడిగిన డబ్బు మా నెల పాలబిల్లంత ఉంది. సాయంత్రమైపోయింది. పెరట్లో గోనెపట్టా మీద పడుకోబెట్టి పసుపు అద్దాను. రాత్రంతా మూలుగు.

ఇక్కడే ఒక నిజం చెప్పాలి. మర్నాడు పొద్దున మా పక్కింటివాళ్ళు పెళ్ళికని కారులో గుంటూరు వెళ్ళారు. వెనక సీటు ఖాళీ. నేను గేటు దగ్గర నిలబడే ఉన్నాను. "వెళ్ళొస్తాం" అంటే నవ్వి చెయ్యి ఊపాను. అడగలేదు. పట్టుచీరలు కట్టుకుని పెళ్ళికి వెళ్తున్నవాళ్ళని, నెత్తురు కారే కుక్కని ఎక్కించుకోమని ఎట్లా అడుగుతాం? కాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? మొహమాటం... మన ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఆ సాయంత్రం రోడ్డు మీద టీకొట్టు దగ్గర ఒక టిక్కీల లారీ ఆగింది. ఇక లాభం లేదని వెళ్ళి డ్రైవరుని అడిగాను. అడుగుతుంటే గొంతు వణికింది. అతను టీ గ్లాసు పెట్టేసి, ఎక్కడుందమ్మా అని వెంట వచ్చాడు. "వెనకమాల వద్దులేమ్మా, ఘాటుకి అల్లాడిపోద్ది. కాబిన్‌లోనే ఏద్దాం" అని గోనెపట్టాతో సహా ఎత్తి పెట్టుకున్నాడు. నేనూ, మావారూ ఇరుక్కుని కూర్చున్నాం. దారి పొడవునా మేం ముగ్గురం, కుక్కతో కలిపి నలుగురం, ఒకటే తుమ్ములు!

పశువుల ఆసుపత్రి దగ్గర దిగి డబ్బివ్వబోతే తీసుకోలేదు. "ఎట్టాగూ పోయే బండేగదమ్మా" అని వెళ్ళిపోయాడు. పేరైనా అడగలేదు నేను.

డాక్టరు గారు చూసి, "నిన్ననే తెచ్చుంటే కాలు దక్కేదేమోనమ్మా" అన్నారు. కాలు తీసేశారు. ప్రాణం దక్కింది. ఆ కాలు ఎవరు పోగొట్టారు? గుద్దిన బండి సగం, నా మొహమాటం సగం.

మనకి విమానాలు లేకపోతేనేం

ఆమధ్య మన కొరిశపాడు దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి మీద వాయుసేన విమానాలు దిగడం మీరు చూసే ఉంటారు. తుపానులు, వరదలు వచ్చినప్పుడు పనికొస్తుందని అక్కడ రోడ్డునే 4.1 కిలోమీటర్ల రన్‌వేగా వేశారు. 2022 డిసెంబరులో ఒకసారి పరీక్షించారు. 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ విమానాలు ఆ రోడ్డు మీద దిగి, తిరిగి లేచాయి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పనులు మానుకుని చూడ్డానికి వెళ్ళారు.

1977 నవంబరు ఉప్పెన గుర్తున్న మా అత్తగారు మాత్రం ఆ వార్త విని, "ఆనాడు ఇట్టాంటిది ఉంటే ఎంతమంది బతికేవాళ్ళో" అన్నారు. దివిసీమలో, ఇటు మన రేపల్లె తీరంలో మనుషులతోపాటు పశువులూ కొట్టుకుపోయాయి. గొడ్డుని వదిలి రాలేక దాంతోనే పోయినవాళ్ళని గురించి ఆవిడ ఇప్పటికీ చెప్తారు. ఇది మన దగ్గరే కాదు. 2005లో అమెరికాలో కత్రినా తుపాను వచ్చినప్పుడు పెంపుడు జంతువుల్ని వదలలేక ఇల్లు కదలనివాళ్ళు ఎందరో. ఆ దెబ్బతో మరుసటేడు, అంటే 2006లో, మనుషులతోపాటు జంతువుల్నీ తరలించే ఏర్పాట్లు ఉండాలని అక్కడ చట్టమే చేశారు.

మన పత్తి చేలల్లో, మిరప కల్లాల్లో సొంత విమానాలున్నవాళ్ళు లేరు. కానీ బండ్లకేం కొదవ? టిక్కీలు దించి ఖాళీగా తిరిగొచ్చే లారీలు, పాలవ్యాన్లు, కూరగాయల ఆటోలు, పెళ్ళిళ్ళకి పోయే కార్లు. ఇటు గాయపడిన మూగజీవం, అటు ఆసుపత్రి, మధ్యలో ఎట్టాగూ పోయే బండి. లేనిదల్లా అడిగే నోరు. మనలో నలుగురు కలిసి, ఎవరి బండి ఏ రోజు ఎటు పోతుందో ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే చాలు. అమెరికావాళ్ళు చేసిందీ అంతకన్నా ఎక్కువేం కాదు.

బండి ఎక్కించేముందు...

* దెబ్బ తగిలిన కుక్క ప్రేమగా ఉండేదైనా నొప్పితో కరుస్తుంది. మెత్తని గుడ్డపేలికతో మూతి చుట్టూ వదులుగా కట్టండి. వాంతులవుతున్నా, ఊపిరి ఆడకపోతున్నా మాత్రం కట్టొద్దు.

* చేతులతో ఎత్తకండి. దుప్పటి మీదకో, గోనెపట్టా మీదకో మెల్లగా జరిపి, ఇద్దరు చెరో వైపు పట్టుకోండి.

* మన మాత్రలు వెయ్యకండి. ముఖ్యంగా పారాసిటమాల్ పిల్లులకి విషం. ఆపరేషన్ అవసరం అయ్యేట్టుంటే అన్నం పెట్టొద్దు.

* ముందే ఆసుపత్రికి ఫోన్ చేసి, డాక్టరు ఉన్నారో లేదో కనుక్కోండి.

* ఆవు, గేదె లాంటివైతే 1962కి ఫోన్ చేయండి. సంచార పశువైద్య వాహనాలు మన రాష్ట్రంలో 2022 మే నెలలో మొదలయ్యాయి. పెద్ద పశువును ఎత్తడానికి వాటికి లిఫ్టు ఉంటుంది.

* కరిచినా, గీరినా పావుగంటసేపు సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడిగి, ఆలస్యం చేయకుండా రేబిస్ టీకా వేయించుకోండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు.

పోయిన వారం పక్కింటావిడ వచ్చి కూర్చుంటే, మాటల్లో ఆ రోజు సంగతి బయటపెట్టాను. ఆవిడ ఆశ్చర్యపోయింది. "అయ్యో, ఒక్క మాట అంటే వెనక పాత దుప్పటి పరిచి తీసుకుపోయేవాళ్ళం గదా వదినా!" అంది.

నాకు నోట మాట రాలేదు. ఎర్రది మాత్రం తోకాడిస్తూ వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర పడుకుంది.