డ్రాయింగ్ ట్యాబ్లెట్ కొంటున్నారా? 8192 కంటే ముందు చూడాల్సిన నంబర్ ఇంకోటి ఉంది

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిస్తే జావా, పైథాన్ బోర్డుల మధ్యలో యానిమేషన్, వీఎఫ్ఎక్స్ కోర్సుల బోర్డులు కూడా కనిపిస్తాయి. అలాంటి ఒక కోర్సులో చేరిన కొత్తలో నా మొదటి డ్రాయింగ్ ట్యాబ్లెట్ కొన్నాను. మెట్రోలో ఒక్క స్టేషన్ అవతల, పంజాగుట్టలో. బాక్స్ మీద "8192 ప్రెషర్ లెవెల్స్" అని పెద్దగా కనిపించింది, ఇంకేం ఆలోచించకుండా డబ్బులు కట్టేశాను. మూడు రోజులకే దాన్ని తిరిగి బాక్స్‌లో పెట్టేశాను. గీసిన ప్రతి గీతా వంకరే. "మనకి డిజిటల్ ఆర్ట్ రాదులే" అనుకున్నా.

నిజానికి తప్పు నా చేతిదీ కాదు, ట్యాబ్లెట్‌దీ కాదు. ఏం చూసి కొనాలో, కొన్నాక మొదటి రెండు వారాలు ఏం చేయాలో నాకు తెలియదు. అదే ఇక్కడ చెప్తున్నా.

8192 వర్సెస్ 2048: తేడా తెలుస్తుందా?

స్క్రీన్ లేని ట్యాబ్లెట్లనే తీసుకుందాం. మొదటిసారి కొనేవాళ్లు ఎక్కువగా చూసేది వీటినే. 'వన్ బై వాకామ్'లో 2048 ప్రెషర్ లెవెల్స్ ఉంటాయి. హ్యూయాన్ హెచ్640పీ, ఎక్స్‌పీ-పెన్ డెకో 01 వీ2 లాంటి వాటిలో 8192. పెన్ను మెల్లగా ఆనించడం నుంచి గట్టిగా నొక్కడం వరకు ఎన్ని మెట్లు ఉన్నాయో ఈ నంబర్ చెప్తుంది, అంతే. 50 పిక్సెల్స్ బ్రష్‌ని 2048 మెట్లుగా విడగొడితే ఒక్కో మెట్టుకి వచ్చే తేడా పిక్సెల్‌లో నలభయ్యో వంతు. అది కంటికి కనిపించదు.

దానికంటే ముఖ్యమైంది, పెన్ను ఎంత తేలిగ్గా ఆనిస్తే గీత మొదలవుతుంది అనేది. ఇది బాక్స్ మీద పెద్దగా రాయరు. వీలైతే ఫ్రెండ్ దగ్గరో, ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్‌లోనో ఒకసారి గీసి చూడండి.

అసలు నంబర్: యాక్టివ్ ఏరియా

15.6 అంగుళాల ల్యాప్‌టాప్ స్క్రీన్ వెడల్పు సుమారు 345 మిల్లీమీటర్లు. 'వన్ బై వాకామ్' స్మాల్‌లో గీసే చోటు వెడల్పు 152 మి.మీ. అంటే మీ చెయ్యి ఒక సెంటీమీటర్ కదిలితే స్క్రీన్ మీద గీత దాదాపు 2.3 సెంటీమీటర్లు పోతుంది. చేతిలో చిన్న వణుకు కూడా అక్కడ రెట్టింపు కంటే ఎక్కువగా కనిపిస్తుంది. మీడియం సైజులో (216 మి.మీ.) ఇది 1.6 రెట్లు. 10 అంగుళాల డెకో 01 వీ2లో 1.4 రెట్ల లోపే.

మరి పెద్దదే కొనేయాలా? హాస్టల్ రూమ్‌లో ఉండేవాళ్లు ముందు టేబుల్ కొలుచుకోండి. ల్యాప్‌టాప్ వెనక, ట్యాబ్లెట్ ముందు, రెండూ తిన్నగా పట్టాలి. చోటు లేక ట్యాబ్లెట్‌ని పక్కకి, వంకరగా పెడితే గీత కూడా వంకరగానే వస్తుంది. నాకు జరిగిన రెండో పొరపాటు ఇదే.

ముందు ఒక సున్నా చుట్టండి

డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయగానే కాగితం మీద నాణెం చుట్టూ పెన్సిల్‌తో గీసి, ఆ కాగితాన్ని ట్యాబ్లెట్ మీద పెట్టి, పెన్నుతో దాని మీదే దిద్దండి. పల్చటి కాగితం అడ్డున్నా పెన్ను పని చేస్తుంది. స్క్రీన్ మీద కోడిగుడ్డు వచ్చిందా? కంగారు పడకండి. స్మాల్ ట్యాబ్లెట్ 152 × 95 మి.మీ., అంటే 16:10. మీ స్క్రీన్ 16:9 అయితే సున్నా అడ్డంగా పది శాతం పైనే సాగుతుంది. డ్రైవర్ సెట్టింగ్స్‌లో ప్రొపోర్షన్స్‌ని లాక్ చేసే ఆప్షన్ ఆన్ చేయండి. కింద ఒక సెంటీమీటర్ చోటు వృథా అవుతుంది, కానీ సున్నా సున్నాలా వస్తుంది.

రెండు వారాల ప్లాన్

మొదటి రెండు రోజులు బొమ్మలు వద్దు. మౌస్ పక్కన పెట్టి, ఫోల్డర్లు తెరవడం, బ్రౌజింగ్ అన్నీ పెన్నుతోనే చేయండి. చేతిని చూడకుండా స్క్రీన్‌నే చూడటం అలవాటవుతుంది.

మూడో రోజు నుంచి రోజూ ఇరవై నిమిషాలు తెలుగు అక్షరాలు పెద్దగా రాయండి. జోక్ కాదు. అ, ఞ, ఱ, ఠ ఇవన్నీ వంపులే. చిన్నప్పటి నుంచి చేతికి వచ్చినవి కాబట్టి ఎక్కడ గీత తప్పిందో వెంటనే తెలిసిపోతుంది. మణికట్టుతో కాదు, మోచేతి నుంచి కదపండి. క్రిటా ఉచితం, అందులో స్టెబిలైజర్ కొద్దిగా పెట్టుకోవచ్చు. మరీ పెంచితే గీత చేతి వెనక ఈడ్చుకుంటూ వస్తుంది.

రెండో వారం మీకు నచ్చిన బొమ్మ వేయండి. నేను అమీర్‌పేట స్టేషన్ మెట్ల మీద జనాన్ని గీశాను.

ఎవరికి ఏది?

చోటు తక్కువ, బడ్జెట్ ఐదు వేల లోపు అంటే స్మాల్ చాలు. టేబుల్ ఉండి రోజూ గంటల తరబడి గీసేవాళ్లకి మీడియం. స్క్రీన్ ఉన్న ట్యాబ్లెట్ చాలా ఖరీదు, ఆరు నెలలు దీని మీద గీశాక ఆలోచించండి. ఫోన్‌కి పెట్టి వాడాలంటే ఆ మోడల్ ఆండ్రాయిడ్‌కి సపోర్ట్ చేస్తుందో లేదో ముందే చూసుకోండి.

నేను మాత్రం కొత్తది కొనలేదు. అదే స్మాల్ ట్యాబ్లెట్, అదే చెయ్యి. మారింది సెట్టింగ్, అది పెట్టిన చోటు, రెండు వారాల అలవాటు. మీది కూడా బాక్స్‌లోకి వెళ్లిపోయి ఉంటే అమ్మేసే ముందు ఒక సున్నా చుట్టి చూడండి.