మిరపఘాటుకు లొంగని అతిథులు

ధాన్యపు కుచ్చులను ఇంటి చూరుకు వ్రేలాడదీసి పిచ్చుకలకు విందు చేయడం తెలుగు పల్లెలలో తరతరాల ఆచారం. సముద్రాలు దాటినా ఆ అలవాటు మనలను వదలదు. దుబాయి నగరంలో వర్సాన్ ప్రాంతాన ఇంటర్నేషనల్ సిటీ ఉన్నది. చైనా, ఫ్రాన్స్, పర్షియా, మొరాకో వంటి దేశాల పేర్లు పెట్టుకున్న అక్కడి భవన సముదాయాలలో తెలుగు కుటుంబాలు కూడా నివసిస్తున్నాయి. పిచ్చుకల కోసం బాల్కనీలో గుప్పెడు నూకలు చల్లితే ముందుగా దిగేవి పావురాలు. నాలుగు రోజులలో అవి ఏ.సి. యంత్రం వెనుక గూడు పెడతాయి. నేలంతా రెట్టలతో నింపుతాయి. ఎండిన రెట్టల ధూళిలో హిస్టోప్లాస్మోసిస్, క్రిప్టోకాకోసిస్ వంటి శ్వాసకోశ వ్యాధులను కలిగించే శిలీంధ్రాలు ఉండవచ్చును. పక్షులకు మేత వేయవద్దని దుబాయి మునిసిపాలిటీ హెచ్చరించడానికి ఇటువంటి ఆరోగ్య కారణాలే ముఖ్యం.

ఈ దశలో తెలుగు ఇంట తట్టే మొదటి ఉపాయం కారప్పొడి. పిట్టగోడ మీద చారెడు గుంటూరు కారం చల్లుతారు. గాలి వీచినప్పుడు తుమ్మేది ఇంటివారు, కళ్ళు నులుముకొనేది పిల్లలు. పావురం మాత్రం కారం అంటిన నూకలను కూడా నిశ్చింతగా ఏరుకొని తింటుంది. ఎందుచేత?

సమాధానం మన చిన్ననాటి రామచిలుక పంజరంలోనే ఉన్నది. చిలుకకు పచ్చిమిరపకాయ ఇస్తే ఇష్టంగా కొరుక్కు తినడం అందరం చూసినదే. మిరపకు ఘాటునిచ్చే పదార్థం కాప్సైసిన్. నిజానికి ఇది రుచి కాదు, నొప్పి. మన నాడుల చివర టి.ఆర్.పి.వి.1 అనే గ్రాహక ప్రోటీను ఉంటుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలినప్పుడు అది తెరుచుకొని, కాలుతున్నదని మెదడుకు తెలుపుతుంది. కాప్సైసిన్ అణువు అదే గ్రాహకానికి అతుక్కొని, వేడి లేకుండానే మంట పుట్టిస్తుంది. 1997లో ఈ గ్రాహకపు జన్యువును గుర్తించిన బృందానికి నాయకుడైన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతిని ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి అందుకున్నారు. ఎలుకలోని గ్రాహకాన్ని కోడిలోని దానితో పోల్చి చూసిన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. కోడి గ్రాహకం వేడికి స్పందించింది కాని కాప్సైసిన్‌కు స్పందించలేదు. అంటే పక్షికి నిప్పు వేడి తెలుసు, మిరప మంట తెలియదు.

ఇది ప్రకృతి చేసిన పొరపాటు కాదు. అమెరికాలోని అరిజోనాలో అడవి మిరపను పరిశీలించిన ట్యూక్స్‌బరీ, నభాన్ అనే శాస్త్రజ్ఞులు 2001లో దీని ప్రయోజనాన్ని వివరించారు. ఎలుక జాతులు మిరప గింజను నమిలి నాశనం చేస్తాయి. పక్షులు మ్రింగి, చెడకుండా వేరొక చోట విసర్జిస్తాయి. కనుక గింజను చెరిచే జంతువును మాత్రమే తరిమే ఘాటు మొక్కకు లాభకరం. పక్షుల మేతను ఉడుతలు తినకుండా అమెరికాలో మిరపఘాటు పట్టించిన గింజలను అమ్మడం ఈ తేడాను ఉపయోగించుకొనే.

దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేసే అణువు కూడా ఉన్నది. మల్లెజాతి పూల తైలంలోను, కాంకర్డ్ ద్రాక్షలోను ఉండే మిథైల్ ఆంథ్రనిలేట్ మనకు కమ్మని సువాసన. పక్షులకు ముక్కును, నోటిని మండించే ద్రవ్యం. ద్రాక్ష రుచి గల మిఠాయిలలో కలిపే ఈ పదార్థాన్నే పక్షులను తరిమేందుకూ వాడుతారు. అయితే అది త్వరగా ఆవిరైపోతుంది, ఎండకు చెడుతుంది. గల్ఫ్ వేసవిలో దానిని మాటిమాటికీ చల్లవలసి వస్తుంది.

పిలిచిన అతిథి, పిలవని అతిథి రెండూ క్షీరదాలే అయితే ఏమి చేయాలి? టెక్సాస్ వంటి అమెరికా రాష్ట్రాలలో ఈ చిక్కు సాధారణం. జనసంచారం లేని చోట, మూడు కాళ్ళ మీద నిలిపిన పీపాలో జింకల కోసం మొక్కజొన్న నింపుతారు. బ్యాటరీతో నడిచే పళ్ళెం నిర్ణీత వేళలలో తిరిగి గింజలను వెదజల్లుతుంది. రకూన్ అనే జంతువు, కళ్ళ చుట్టూ నల్లని పట్టీ గలది, రాత్రివేళ కాళ్ళ వెంబడి ఎగబ్రాకి, నేర్పైన వేళ్ళతో పళ్ళెం త్రిప్పి పీపాను ఖాళీ చేస్తుంది. దాని రెట్టల ద్వారా మనిషికి ప్రమాదకరమైన ఏలికపాము గ్రుడ్లు కూడా వ్యాపిస్తాయి. ఇక్కడ మిరప పనికిరాదు. అది రకూన్‌తో పాటు జింకనూ తరిమివేస్తుంది. పంటల నుండి జింకలను దూరంగా ఉంచడానికి మిరపఘాటు మందులు వాడుకలో ఉన్నాయి కూడా.

కనుక అక్కడ తేడాను నాలుక మీద కాక, అవయవాల నిర్మాణంలో వెదకాలి. రకూన్ ప్రాకగలదు, జింక ప్రాకలేదు. పీపా కాళ్ళకు గోళ్ళు పట్టని నున్నని రేకు చుట్టి, పళ్ళెం చుట్టూ ఇనుప పంజరం బిగించి, దగ్గరలోని కొమ్మలు నరికితే పీపా సురక్షితం. రకూన్ నిశాచరి కాబట్టి తెల్లవారిన తరువాత కొద్దిపాటి గింజలే పడేట్లు అమర్చితే, చీకటిపడే వేళకు నేల మీద ఏమీ మిగలదు.

ఇంటర్నేషనల్ సిటీ బాల్కనీకి వర్తించే సూత్రమూ ఇదే. వేసవి సెలవులకు కుటుంబం స్వదేశం వెళ్ళినప్పుడు, కనిపెట్టి చూసేవారు లేని ఆ బాల్కనీ కూడా అడవిలోని పీపా వంటిదే. మనం లేనప్పుడూ పనిచేసే అడ్డు కావాలి. 5 సెంటీమీటర్ల కన్నుల వల పావురాన్ని ఆపుతుంది; పిచ్చుకను పోనిస్తుంది. ప్రయాణానికి ముందు నూకలు, నీటి పళ్ళెం తొలగించి, వలను బిగువుగా కట్టించాలి. పాత రెట్టలను పొడిగా ఊడ్వరాదు. ముక్కుకు మాస్కు కట్టుకొని, నీటితో తడిపి తుడవాలి. కారప్పొడిని మాత్రం వంటింటి డబ్బాలోనే ఉంచడం మేలు.