పాత ఫోనుకు పాత యజమాని తాళం

పిల్లల చదువు కోసమో, ఊరిలో ఉన్న తల్లిదండ్రులతో మాట్లాడుకోవడానికో ఈ దినాలలో అనేక కుటుంబాలు సెకండ్ హ్యాండ్ ఫోను కొంటున్నాయి. కొత్తది కొనే స్తోమత లేనప్పుడు అది తెలివైన పనే. అయితే చవకగా దొరికిందని సంతోషించి ఇంటికి తెచ్చి ఆన్ చేయగానే, ఇంతకుముందు ఇందులో వాడిన అకౌంటు వివరాలు ఇవ్వమని ఫోను అడిగితే ఏమి చేస్తాము? ఆ అకౌంటు మనది కాదు. అమ్మిన వ్యక్తి ఫోను ఎత్తడు. నెలల తరబడి కూడబెట్టిన డబ్బు అక్కరకు రాని వస్తువై మిగులుతుంది.

ఇటువంటప్పుడు చాలామంది ఫోను చెడిపోయిందనుకొంటారు. నిజానికి అది తన యజమాని ఎవరని అడుగుతున్నది. ఆ ప్రశ్నకు జవాబు కొనే రోజున, అమ్మేవారి ఎదుటనే దొరకాలి.

ఈ తాళం ఎందుకు వచ్చింది?

ఒకప్పుడు దొంగిలించిన ఫోనులోని సమాచారమంతా చెరిపివేస్తే చాలు, అది సులభంగా అమ్ముడుపోయేది. అమెరికా నగరాలలో ఈ దొంగతనాలు పెరిగిపోవడంతో 2013 జూన్‌లో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఎరిక్ ష్నైడర్‌మన్, శాన్ ఫ్రాన్సిస్కో జిల్లా అటార్నీ జార్జ్ గాస్కోన్ కలిసి, దొంగ చేతిలో ఫోను పనిచేయకుండా చేయాలని కంపెనీలపై ఒత్తిడి తెచ్చారు. ఆ సంవత్సరమే యాపిల్ కంపెనీ ఐఓఎస్ 7తో ‘యాక్టివేషన్ లాక్’ తెచ్చింది. 2014లో మిన్నెసోటా, కాలిఫోర్నియా రాష్ట్రాలు ఇందుకు చట్టాలు చేశాయి. 2015లో గూగుల్ ఆండ్రాయిడ్ 5.1తో ‘ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్’ ప్రవేశపెట్టింది.

ఈ రెండూ పనిచేసే తీరు వేరు. ఐఫోను తాళం యాపిల్ సర్వర్లలో ఉంటుంది. ఫోనును చెరిపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు అది ఆ సర్వర్లను అడిగిన తరువాతే తెరుచుకొంటుంది. ఆండ్రాయిడ్‌లోనైతే, రీసెట్ చేసినా చెరగని ఒక భాగంలో పాత అకౌంటు గుర్తు నిలిచి ఉంటుంది. అందుకే బటన్లు నొక్కిపట్టి బలవంతంగా రీసెట్ చేసిన ఫోను పాత అకౌంటును, లేదా పాత స్క్రీన్ లాకును అడుగుతుంది.

అమ్మేవారు చేయవలసినది

ఆండ్రాయిడ్ ఫోనైతే మొదట సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంటును తీసివేయాలి. తరువాత సెట్టింగ్స్ లోనుండే రీసెట్ చేయాలి. ఐఫోనైతే సెట్టింగ్స్‌లో మొత్తం చెరిపివేయమని కోరినప్పుడు అది పాస్‌వర్డు అడుగుతుంది. అది ఇస్తేనే తాళం పోతుంది. ఒకవేళ మరచి ఐఫోను ఇచ్చివేసినా, ఇంటి నుండే ఐక్లౌడ్‌లోకి వెళ్లి ఆ ఫోనును తన అకౌంటు నుండి తొలగించవచ్చు. కనుక అమ్మిన తరువాత కొన్నవారు ఫోను చేస్తే విసుగుకోకుండా ఈ సహాయం చేయాలి. డబ్బు తీసుకొని తాళంచెవి మన దగ్గరే ఉంచుకొంటే అది న్యాయమైన అమ్మకం కాదు.

కొనేవారు చూడవలసినది

అమ్మేవారి ఎదుటే ఫోనును రీసెట్ చేయించి, ఇంటర్నెట్‌కు కలిపి, మన అకౌంటుతో తెరిచి చూడాలి. అది పూర్తిగా తెరుచుకొన్నాకే డబ్బు చెల్లించాలి. బిల్లు, పెట్టె అడిగి తీసుకోవాలి. అసలు కొనుగోలు బిల్లు ఉంటే యాక్టివేషన్ లాక్ తీయించుకోవడానికి యాపిల్‌ను అర్థించే అవకాశం ఉంటుంది.

మరొక పరీక్ష ఉన్నది. స్టార్, హ్యాష్, సున్న, ఆరు, హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఇఐ నంబరు కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాలలో కెవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ నంబరు చేర్చి 14422కు మెసేజ్ పంపాలి. 2023 మేలో కేంద్ర టెలికాం శాఖ ప్రారంభించిన సంచార్ సాథీలో కూడా దీనిని చూడవచ్చు. బ్లాక్‌లిస్టులో ఉన్నదని గాని, నకిలీ నంబరని గాని జవాబు వస్తే ఆ ఫోను కొనకూడదు.

‘లాకు తీసి ఇస్తాము’ అనే మాట

కొన్ని చోట్ల కొద్ది డబ్బుకు లాకు తీస్తామంటారు. ఆ ఫోను ఎవరో విద్యార్థిని బస్సులో పోగొట్టుకొన్నదై ఉండవచ్చు. అందులో ఆమె నోట్సు, ఇంటివారి ఫోటోలు ఉండి ఉండవచ్చు. దొంగసొత్తు అని తెలిసి ఉంచుకొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను క్రింద శిక్ష ఉన్నది. యజమాని తెలిస్తే తిరిగి ఇవ్వాలి, తెలియకపోతే పోలీసులకు అప్పగించాలి. మన డబ్బు పోయిందనే బాధ న్యాయమైనదే. కాని ఆ నష్టాన్ని మరొకరి సొత్తుతో పూడ్చుకోలేము.

ఇంటి పెద్ద మరణించినప్పుడు

దుఃఖంలో ఉన్న కుటుంబానికి కూడా ఈ తాళం ఎదురవుతుంది. భర్త వాడిన ఫోను పిల్లవానికి ఇద్దామంటే పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. తొందరపడి రీసెట్ చేస్తే చిక్కు మరింత పెరుగుతుంది. ఐఫోను వాడేవారు 2021 డిసెంబరు నుండి ఒక ‘లెగసీ కాంటాక్ట్’ను నియమించవచ్చు. మరణానంతరం ఆ వ్యక్తి కోరితే, పత్రాలు చూసి యాపిల్ తాళం తొలగిస్తుంది. ఏ ఫోనైనా సరే, అకౌంటు పేరు, పాస్‌వర్డు ఒక కాగితంపై రాసి ఇంటి పత్రాలతో భద్రపరచడం మంచిది.

ప్రియ పాఠకులారా, బీరువాలో పాత ఫోను ఉన్నట్లయితే దానిని ఎవరికైనా ఇచ్చే ముందు ఒక్క పావుగంట కేటాయించండి. ఫోనుతోపాటు తాళం విడుదలను కూడా ఇచ్చి పంపండి.