స్టైల్ బటన్ ఆపి వాయించగలరా?

కె.గంగవరం చుట్టుపక్కల చర్చిలోనో, ఆర్కెస్ట్రాలోనో కీబోర్డు వాయించే కాలేజీ కుర్రాళ్లు, అమ్మాయిలు చాలామందే కనిపిస్తారు. ఆ కీబోర్డులో బోసా నోవా, సాంబా, రుంబా అంటూ స్టైల్స్ ఉంటాయి. బటన్ నొక్కితే డ్రమ్స్, బేస్ వాటంతటవే మోగుతాయి. సంగీతాన్ని ఉపాధిగా మలచుకోవాలంటే మాత్రం అది చాలదు. బటన్ ఆపేశాక ఆ రిథమ్‌ని మీ రెండు చేతులే నిలబెట్టాలి.

ఏమిటీ లాటిన్ జాజ్?

జాజ్ కళాకారులందరికీ తెలిసిన పాత బాణీలే ‘స్టాండర్డ్స్’. 1940ల్లో న్యూయార్క్‌లోని క్యూబా సంగీతకారులు జాజ్‌కు తమ దరువు జోడించారు. డిజ్జీ గిలెస్పీ, క్యూబా కళాకారుడు చానో పోజోతో కలిసి 1947లో రికార్డు చేసిన ‘మాంటెకా’ అందుకు పేరున్న ఉదాహరణ. 1950ల చివర్లో బ్రెజిల్‌లో బోసా నోవా పుట్టింది. మామూలు జాజ్ స్వింగ్‌లో స్వరాలు ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా ఊగుతాయి. లాటిన్‌లో అన్నీ సమానం. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

మన లెక్కతో మొదలుపెట్టండి

‘తకిట తకిట తకధిమి తక తకధిమి’ అనండి. మొత్తం 16 మాత్రలు. ప్రతి ముక్క మొదటి అక్షరానికి చప్పట్లు కొట్టండి. 1, 4, 7, 11, 13... క్యూబా సంగీతానికి వెన్నెముకలాంటి సోన్ క్లావే ఇదే. చప్పట్లు కొడుతూనే 1, 5, 9, 13 మీద కాలితో తాళం వేయండి.

తర్వాత కెన్నీ డోరమ్ స్వరపరిచిన ‘బ్లూ బోసా’ తీసుకోండి. 16 బార్లే కాబట్టి నేర్చుకోవడం తేలిక. బార్‌కి 8 మాత్రలు లెక్కేసి, ఎడమచేత్తో ఒకటో మాత్రకు కార్డ్ మూలస్వరం, ఐదో మాత్రకు పంచమం వేయండి. అది కుదిరాక కుడిచేత్తో కార్డ్స్, చివరికి బాణీ. ఆపైన క్యూబా పద్ధతి ‘తుంబావ్’. ఇందులో బేస్ 4, 7 మాత్రలపై పడుతుంది. ఏడో మాత్ర స్వరం తర్వాతి బార్ కార్డ్‌ది. దాన్ని అలాగే సాగదీస్తారు కాబట్టి ఒకటో మాత్ర ఖాళీ! మెట్రోనోమ్ పెట్టుకుని నెమ్మదిగా సాధన చేయండి. ఫోన్‌లో రికార్డు చేసి వింటే తప్పులు మీకే తెలుస్తాయి.

పని ఎక్కడ?

స్టార్ హోటళ్ల లాబీలు, పెళ్లి రిసెప్షన్లు, స్టూడియోలు, ట్యూషన్లు, విహార నౌకలు. నెలజీతం ఖాయంగా దొరికే చోట్లు తక్కువే. అందుకే డిగ్రీ మానొద్దు. కానీ ఒకరికి సహాయకులుగా వాయించడాన్ని చిన్నచూపు చూడొద్దు. ఏఆర్ రెహమాన్ సంగీత దర్శకుడు కాకముందు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించినవారే.

సర్టిఫికెట్ కావాలంటే ఏబీఆర్‌ఎస్‌ఎం సంస్థ జాజ్ పియానోలో 1 నుంచి 5 వరకు గ్రేడ్ పరీక్షలు పెడుతుంది. చెన్నైలో రెహమాన్ 2008లో స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీలో పియానో నేర్పుతారు. చెవితో పట్టుకుని వాయించడం మన పిల్లలకు బాగానే వచ్చు. నొటేషన్ చదవడమే లోటు. నౌకల ఆడిషన్లలో చూడగానే చదివి వాయించమంటారు.

ఏజెంట్లతో జాగ్రత్త

గల్ఫ్ వీసాల పేరుతో మోసపోయినవాళ్ల కథలు కోనసీమకు కొత్త కాదు. నౌకల్లో ఉద్యోగమన్నా అదే జాగ్రత్త అవసరం. మనుషుల్ని పంపే ఏజెన్సీకి డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి. ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర ఫీజు వసూలు చేయడం నిషిద్ధం. డబ్బు కట్టమన్నారంటే అక్కడే ఆగిపోండి.

ముందుగా ఒక పని చేయండి. ‘బ్లూ బోసా’ను స్టైల్ బటన్ లేకుండా, మధ్యలో ఆపకుండా, రెండు చేతులూ కనిపించేలా ఒకే వీడియోగా తీయండి. హోటలైనా, స్టూడియో అయినా, నౌక అయినా మీ రెజ్యూమే కంటే ముందు అడిగేది ఆ వీడియోనే.