సైకిలు సంరక్షణము

విశాఖపట్టణమునకు వాయవ్యమున, 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో, సబ్బవరము అను ఊరు కలదు. అనకాపల్లినుండి ఆనందపురమునకు పోవు ఆరు వరుసల జాతీయరహదారి ఈ ఊరి మీదుగ సాగుచున్నది. చుట్టుపట్ల పల్లెలనుండి సైకిలుపై బడికి వచ్చు విద్యార్థికి పల్లెదారిలో దుమ్మును, పెద్దదారిలో లారీలును ఎదురగును. ఇట్టిచోట సైకిలు మంచి స్థితిలో నుండుట సౌకర్యమునకు మాత్రమే గాక ప్రాణరక్షణమునకును అవసరము.

సైకిలులో అరుగు భాగమేది యని యడిగినచో టైరు అని పలువురు చెప్పుదురు. టైరు అరుగుదల కంటికి కనబడును. కంటికి కనబడక అరుగునది గొలుసు. నేడు మనము చూచు గొలుసు 1880లో ఇంగ్లండునందలి మాంచెస్టరు నగరమున హాన్స్ రెనోల్డ్ అను ఇంజనీరు కనిపెట్టిన రకమునకు చెందినది. చిన్న ఉక్కుపలకలను సీలలు కలుపును. ప్రతి సీల చుట్టును ఒక సన్నని గొట్టముండును. గొలుసు పళ్లచక్రముపై కెక్కునపుడు ప్రతి కీలును వంగును. దిగునపుడు మరల చక్కనగును. ఆ కదలికలో సీలయు గొట్టమును ఒరసికొనును. ఇసుకరేణువు సాధారణమైన ఉక్కుకంటె కఠినము. అది చమురుతో కలిసి కీలులో చేరినచో సానపొడివలె లోహమును అరగదీయును.

"గొలుసు సాగినది" అని లోకులందురు. నిజమునకు పలకలు సాగలేదు. కీళ్లు అరిగి వదులైనవి. దీనిని మీరే పరీక్షింపవచ్చును. ఒకరు వెనుకచక్రమును కదలకుండ పట్టుకొనగా, మరొకరు పెడలును నొక్కి గొలుసును బిగువు చేయవలెను. ఒక సీలనుండి మరియొక సీలకు దూరము అరంగుళము. అడుగుబద్ద మొదటి గీటును ఒక సీల నడిమికి సరిపెట్టినచో, తరువాతి సీలలలో 24వది సరిగా 12 అంగుళముల గీటుపై నుండవలెను. అది పదునారవ వంతు అంగుళము దాటినచో గొలుసును మార్చవలెను. ఎనిమిదవ వంతు దాటినచో పళ్లచక్రములును చాలవరకు చెడియుండును. ఆ ఎనిమిదవ వంతును 24చే భాగింపుడు. ఒక్కొక్క కీలు అరిగినది అంగుళములో 192వ వంతు మాత్రమే! ఒక్క కీలును చూచి దానిని ఎవరు కనిపెట్టగలరు?

పొడవు పెరిగిన గొలుసు పంటి మొదట కుదురుకొనక కొనవైపు కెక్కును. క్రమముగా పళ్లు కొక్కెములవలె వంకరగా అరుగును. అటుపిమ్మట క్రొత్త గొలుసు వేసినను అది పాతపళ్లపై నిలువక, బలముగా త్రొక్కినపుడు జారును. మనము బలముగా త్రొక్కునది ఎప్పుడు? రహదారిని త్వరగా దాటునపుడే కదా! గొలుసుతో పోవు ఖర్చు చక్రములవరకు వచ్చును. ఖర్చుతో పోవలసినది ప్రాణముమీదికి వచ్చును. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనరాదని పెద్దలందురు.

దీనికి చేయవలసిన పని స్వల్పము. వారమున కొకసారి గొలుసును పొడిగుడ్డతో తుడువవలెను. పిమ్మట పెడలును వెనుకకు త్రిప్పుచు, కీలు కీలుకు ఒక్కొక్క చమురుచుక్క వేయవలెను. కొంతసేపటికి పైనున్న చమురును తుడిచివేయవలెను. లోపలి చమురు కీలును కాపాడును. పైచమురు దుమ్మును పిలుచును. గొలుసు నడుమ వ్రేలితో కదపినచో సుమారు అరంగుళము క్రిందుమీదుగా ఆడవలెను. వదులైనచో ఊడును, మిక్కిలి బిగిసినచో బేరింగులు చెడును.

బ్రేకు రబ్బర్లను కూడ తరచుగా చూచుచుండవలెను. రబ్బరు పూర్తిగా అరిగినచో దానిని పట్టుకొనియున్న ఇనుము రిమ్మును గీయును. రిమ్ముపై చమురు పడనీయరాదు. వానలో రిమ్ము తడియుటచే బ్రేకు ఆలస్యముగా పట్టును. కావున ముందుగనే నొక్కవలెను. టైరులో గాలి తగ్గినచో, రాయి తగిలినపుడు ట్యూబు రిమ్మునకును రాతికిని నడుమ నలిగి పంక్చరగును. బంగాళాఖాతపు గాలిలోని ఉప్పు తుప్పును త్వరపరచును. అందుచే తడిసిన సైకిలును ఆరదుడిచి నీడను ఉంచవలెను.

బేరింగుల పని మాత్రము సైకిలుషాపులోని పనివానికి విడుచుట మేలు. అనుభవజ్ఞుడు చక్రమును పైకెత్తి త్రిప్పి, చెవియొగ్గి విని, లోపమును చెప్పగలడు. అతడు పని చేయునపుడు ప్రక్కన నిలిచి చూడుడు. అదియు ఒక పాఠమే.

బాలలారా! ఈ సాయంకాలమే అడుగుబద్దను చేతబట్టి మీ సైకిలు గొలుసును కొలిచి చూడుడు.