పిల్లాడు ఎదురు తిరుగుతున్నాడా..? అది పొగరు కాదు, బెంగేమో చూడండి!

ఫోన్ లాక్కుంటే కంచం విసిరేస్తాడు. బడికి వెళ్లమంటే తలుపేసుకుంటాడు. "పెద్దదాన్ని, వీడితో నేను పడలేను బాబోయ్" అంటూ తల పట్టుకునే అమ్మమ్మలు గోదావరి జిల్లాల్లో చాలామందే ఉన్నారు. ఇంతకీ పిల్లాడికి ఏమైంది..?

రాజోలు, అమలాపురం, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల నుంచి ఎంతోమంది మహిళలు ఇంటి పనుల కోసం కువైట్, దుబాయ్, ఖతార్, మస్కట్ వెళ్తుంటారు. పిల్లలు అమ్మమ్మ, నాయనమ్మల దగ్గరే పెరుగుతారు. డబ్బు నెలనెలా వస్తుంది. అమ్మ మాత్రం రెండు, మూడేళ్లకు ఒకసారి వస్తుంది.

బెంగెట్టుకున్న పిల్లలు ఆ మాట నోటితో చెప్పలేరు. చిన్నవాళ్లయితే కడుపునొప్పి అంటారు, పక్క తడుపుతారు. టీనేజ్ పిల్లల్లో అదే బెంగ కోపంగా, అబద్ధాలుగా, బడి ఎగ్గొట్టడంగా బయటపడొచ్చు. పైగా ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి దాదాపు పాతికేళ్లు పడుతుంది.

ఫోన్ గొడవ వెనుక అసలు కథ..

కువైట్ టైమ్ మనకంటే రెండున్నర గంటలు వెనుక. అక్కడ రాత్రి 9కి పని ముగించుకుని అమ్మ ఫోన్ చేస్తే, ఇక్కడ 11.30. ఆ కాల్ కోసం పిల్లాడు మేలుకునే ఉంటాడు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజూ 8-10 గంటల నిద్ర కావాలి. అది చాలకపోతే పొద్దున్నే చిరాకు. మనకు అది ఫోన్ పిచ్చిలా కనిపిస్తుంది. వాడికి మాత్రం అమ్మతో ఉన్న ఒకే ఒక్క దారి ఆ ఫోన్! లాక్కుంటే ఊరుకుంటాడా..?

మరి ఏం చేయాలి..?

* గొడవ ఎప్పుడెప్పుడు జరుగుతోందో ఓ వారం రాసి పెట్టుకోండి. అమ్మ కాల్ వచ్చాకా? రానప్పుడా? కారణం అక్కడే దొరకొచ్చు.
* కోపం చల్లారాక అడగండి. "ఎందుకు చేశావ్?" అని కాదు.. "ఏమైంది నాన్నా?" అని.
* వీలైతే అమ్మ కాల్‌కు ఓ టైమ్ పెట్టుకోండి. సెలవు రోజైతే మరీ మంచిది.
* "వచ్చే నెల వచ్చేస్తుంది" అని అబద్ధం చెప్పొద్దు. "నీ అల్లరికే మీ అమ్మ రావట్లేదు" అని అసలే అనొద్దు.
* అలాగని తప్పును వదిలేయమని కాదు. విసిరేసిన కంచం వాడితోనే తీయించండి. కొట్టకుండా, అరవకుండా.

ఇలా ఉంటే ఆలస్యం వద్దు..

రెండు వారాలు దాటినా సరిగ్గా తినకపోయినా, నిద్రపోకపోయినా, ఎవరితోనూ కలవకపోయినా డాక్టర్‌కు చూపించండి. చచ్చిపోతానన్నా, ఒంటిపై గాయాలు చేసుకున్నా బెదిరింపులే అని కొట్టిపారేయొద్దు.. వెంటనే తీసుకెళ్లండి. టెలీ మానస్ నంబర్ 14416కు 24 గంటల్లో ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది.

ఈ రాత్రి ఫోన్ లాక్కునే ముందు ఒక్క నిమిషం ఆగండి. "అమ్మ గుర్తొస్తోందా?" అని అడిగి చూడండి.